పులిహోర పొట్లాలు చాలు, ముందు వెళ్లి ఏం కావాలో అడగండి

"వరద సహాయానికి మొదటిసారి వాలంటీర్‌గా వెళ్దామనుకుంటున్నాను, ఏం తీసుకెళ్లాలి, అక్కడ ఎలా ఉంటుంది?" అని అడిగారు. మొదటి రోజు ఖాళీ చేతులతో వెళ్లండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు నేను మొదటిసారి ఈ పనిలోకి దిగాను. అప్పటి నుంచి ఈ మాట గొడవపడి మరీ అందరికీ చెబుతున్నాను.

మాది విజయవాడలోనే పటమట. మా వీధిలోకి నీళ్లు రాలేదు. సెప్టెంబరు 1 ఆదివారం లేచేసరికి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. ఎగువన బుడమేరు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. ఆ కాలువ కలవాల్సిన కృష్ణేమో తనే పొంగుతోంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక ఊళ్లోకొచ్చిన నీళ్లు ఎటు పోతాయి?

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగేచోటే నీళ్లు మొదలు. సాయం తెచ్చిన వ్యాన్లన్నీ అక్కడే ఆగాయి. నడిచి బయటికి రాగలిగినవాళ్ల చేతికి నాలుగైదు పొట్లాలు వచ్చేవి, లోపలి వీధుల్లో మేడల మీద ఉన్నవాళ్లకి ఒక్కటీ అందేది కాదు. మేం కొందరం లారీ ట్యూబుల మీద చెక్కలు కట్టి, పొట్లాలు, నీళ్ల బాటిళ్లు వేసుకుని లోపలికి వెళ్లాం. ఛాతీ దాకా నీళ్లు, పైన డీజిల్ తెట్టు. సైడు కాలువ ఎక్కడుందో కర్రతో పొడిచి చూసుకుంటూ నడవాలి. మునిగిపోయిన బైకుల హ్యాండిళ్లు మోకాళ్లకి తగులుతుండేవి.

ఒక మేడ మీద నుంచి ఓ మామ్మగారు బట్టలారేసే నైలాన్ తాడుకి ఎర్ర బకెట్ కట్టి దించారు. పొట్లాలు, బాటిళ్లు పెట్టాం. బాటిళ్లు తీసుకుని పొట్లాలు మళ్లీ కిందికి పంపించారు. "వాసనొస్తున్నాయి నాయనా, పిల్లలకి పెట్టలేం" అన్నారు. ఎప్పుడు కట్టిన పులిహోరో ఏమో. మేం కదలబోతుంటే బకెట్ మళ్లీ దిగింది. అందులో ఖాళీ అయిపోయిన బిళ్లల షీటు ముక్క. "మీ తాతగారి బీపీ బిళ్లలు. మొన్నటితో అయిపోయాయి, దొరుకుతాయేమో చూడు." షాపువాళ్లు కత్తిరించి ఇచ్చిన ముక్క కాబట్టి మందు పేరు సగమే ఉంది. డాక్టరు చీటీ కింది వాటాలో బీరువాలో ఉందట. ఆ బీరువా నీళ్లలో ఉంది.

అది చూసి పక్క మేడలవాళ్లూ కేకేశారు. థైరాయిడ్ బిళ్లల డబ్బా, అయిపోయిన ఇన్‌హేలర్, చంటిపిల్ల తాగే పాలపొడి డబ్బా మూత, ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఒకావిడ మాతో ఉన్న అమ్మాయిని దగ్గరికి పిలిచి, ప్యాడ్‌లు కావాలని నెమ్మదిగా చెప్పింది. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నాం. ఇంటి నంబర్లున్న గోడలు మునిగిపోయాయి. అందుకని "నీలం బాల్కనీ", "రెండు నల్ల ట్యాంకులు", "ఎర్ర బకెట్ మామ్మగారు" అని ఫోన్‌లో రాసుకున్నాం. పాయకాపురం, సింగ్‌నగర్లలో మందుల షాపులన్నీ నీళ్లలోనే ఉన్నాయి. రైలు కట్ట ఇవతల సత్యనారాయణపురంలో ఒకాయన షాపు తెరిచి ఉంచారు. ఆ ముక్కను లైటు కింద పెట్టి, మిగిలిన అక్షరాలు, అంచున ఉన్న మిల్లీగ్రాములు చదివి, ఇంకొకరికి ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే మందు ఇచ్చారు. డబ్బులు తర్వాత చూద్దామన్నారు. ఊళ్లో పాల ప్యాకెట్‌కి ఇష్టమొచ్చిన రేటు చెబుతున్న రోజుల్లో ఆ మాట అన్న మనిషి ఆయన. మర్నాడు పొద్దున్నే ఆ బిళ్లలు బకెట్‌లో పైకి వెళ్లాయి.

నా లెక్కలో ఏ వరదలోనైనా రెండో రోజు దాటితే అన్నం సమస్య కాదు. డ్రోన్లు, హెలికాప్టర్లు, గుళ్లు, హోటళ్లు, అందరూ అన్నమే పంపుతారు. బీపీ, షుగర్ బిళ్లలు ఎవరూ పంపరు. అగ్గిపెట్టె, కొవ్వొత్తి, దోమల చక్రాలు, ఫోన్ చార్జింగ్‌కి పవర్ బ్యాంకు కూడా అంతే. ఇక పాత బట్టల సంగతి చెప్తే నాకు కోపం ఆగదు. చిరిగిన చీరలు, గుండీల్లేని చొక్కాలు మూటలు కట్టి తెస్తారు. ఫ్లైఓవర్ పక్కన అవి వానకి తడిసి కుప్పలుగా పడి ఉంటే, తీయడానికి మళ్లీ మున్సిపల్ కార్మికులే రావాలి. వాళ్లకి అప్పటికే చేతినిండా పని. పొట్లం చేతికిచ్చి ఫొటో తీసేదాకా వదలనివాళ్లు ఇంకో రకం. నిన్నటిదాకా సొంతింట్లో దర్జాగా బతికిన మనిషి చెయ్యి చాచిన ఫొటో ఊరంతా తిప్పడం నేను ఒప్పుకోను. మా గుంపులో ఫొటోలు వద్దని మొదటే చెప్పేశాం.

ఎవరితో వెళ్లాలి అంటారా, ఆ పేటలో గ్యాస్ బండలు వేసే కుర్రాణ్ణి పట్టుకోండి. ఏ ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో, ఏ సందు ఎక్కడ తేలుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మాకు దారి చూపించింది అలాంటి కుర్రాడే. అతని ఇల్లూ మునిగింది.

నిజమైన పని నీళ్లు తీశాక ఉంటుంది. ఆ ఏడాది వినాయక చవితికి గానీ మూడో గండి పూడలేదు. ఆ తర్వాత చూస్తే ఇంటింటా మోకాలి దాకా బురద, ఉబ్బిన పరుపులు, వెల్లకిలా పడ్డ ఫ్రిజ్‌లు. వీధులు కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి కానీ, వంటింటి మూలల్లో బురద మనుషులే ఎత్తాలి. అప్పటికి వ్యాన్లు లేవు, వాలంటీర్లు లేరు. మీకు దొరికేది నాలుగు రోజుల సెలవే అయితే అది ఆ వారానికి పెట్టుకోండి. గట్టి చీపుర్లు, పారలు, బ్లీచింగ్, చేతికి రబ్బరు తొడుగులు తీసుకెళ్లండి. టీటీ ఇంజెక్షన్ సంగతి ముందే డాక్టర్ని అడగండి, ఆ బురదలో మేకులు, గాజు పెంకులు ఉంటాయి.