అమ్మలూ, ఆ సినిమాలకి మార్కులు వేసే ముందు

పాలకొల్లు

అమ్మలూ,

దసరా సెలవుల్లో పాత స్లాషర్ సినిమాలు, అదే, హంతకుడొకడు ఒక్కొక్కళ్ళనీ వెంటాడి చంపే రకం, తొమ్మిది చూశానని, ఒక్కదానికీ ఐదుకి రెండు దాటి ఇవ్వబుద్ధి కాలేదని నువ్వు రాసింది చదివాను. రెండు రోజులుగా అదే ఆలోచన. నీ జాబితాలో మూడు సినిమాలకి నేనైనా అంతకన్నా ఇవ్వను. కానీ ‘హాలోవీన్’కి రెండేంటే! పైగా పక్కన ‘బోరు, చీకటి, ఏమీ జరగదు’ అని రాశావు. దాన్ని ఫోన్లో చూశావా, ల్యాప్‌టాప్‌లో చూశావా, పగలా రాత్రా? అది తెలియకుండా నీ మార్కుతో ఒప్పుకోవడానికీ లేదు, కొట్టెయ్యడానికీ లేదు.

మీ మావయ్య క్యాసెట్ల షాపు నీకు గుర్తుండదు, నువ్వు పుట్టేసరికే తీసేశాం. 1986లో పెట్టారు, పదేళ్ళు నడిచింది. మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే కౌంటర్లో నేను కూర్చునేదాన్ని. తిరిగొచ్చిన టేపు బాగుందో లేదో చూడాలి కదా, కాసేపని వీసీఆర్‌లో పెట్టేదాన్ని, చివరిదాకా చూసేసేదాన్ని. తెలుగువి అందరూ తీసుకెళ్ళిపోయేవారు. షాపులో మిగిలేవి ఇంగ్లీషు హారర్ క్యాసెట్లే. అద్దె పద్దు పుస్తకం వెనక పేజీల్లో సినిమా పేరు, చూసిన తేదీ, పదికి ఎన్ని మార్కులు, ఎందుకో ఒక ముక్క రాసుకునేదాన్ని. అలాంటి పుస్తకాలు నాలుగు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మొన్న నీ ఉత్తరం చూశాక తీశాను.

1987లో ‘హాలోవీన్’కి నేనేసింది పదికి నాలుగు. కారణం: ‘చివర అంతా నలుపే.’ నువ్వు రాసినదీ ఇంచుమించు అదే. నేను చూసిన టేపు కాపీకి కాపీ. మన డెల్టా గాలికి టేపులకి బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు అంచున మైదా చల్లినట్టు తెల్లగా ఉండేది. ఆ సినిమా వెడల్పు తెర కోసం తీసింది, టీవీకి సరిపడేలా రెండు పక్కలా కోసేశారు. చాలా ఏళ్ళ తరవాత శుభ్రమైన ప్రింటు దొరికింది. మేడ మీద గదిలో శవాల్ని చూసిన హీరోయిన్, లారీ అనే అమ్మాయి, ఏడుస్తూ బయటికొచ్చి గోడకి జారబడుతుంది. ఆమె వెనక ఒక గుమ్మం, లోపలంతా చీకటి. కాసేపు అక్కడ ఏమీ లేదు. ఆ చీకట్లోంచే మెల్లగా, పాలమీద మీగడ తేలినట్టు, తెల్లటి మాస్కు ఒకటి పైకి తేలింది. శబ్దం లేదు, ఎవరూ గుమ్మంలోకి నడిచి రాలేదు. హంతకుడు మొదటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు! కెమెరామన్ డీన్ కండీ చిన్న లైటుని మెల్లగా పెంచి చేసిన పని అది. నా బూజు టేపులో ఆ గుమ్మం ఒట్టి నల్లటి మచ్చ. నేను మార్కులేసింది ఆ సినిమాకి కాదు, టేపుకి. ఆ రాత్రే నాలుగు కొట్టేసి తొమ్మిది రాశాను.

కాబట్టి ముందు చూసే పద్ధతి మార్చుకో. రాత్రి పూట, ట్యూబులైటు తీసేసి, ఫోను వేరే గదిలో పెట్టి, ఉన్నంతలో పెద్ద తెర మీద చూడు. మధ్యలో ఆపకు. పక్కన చిన్నపిల్లలుంటే అసలు పెట్టకు. ఏ ప్రింటు చూశావో మార్కు పక్కనే రాయి. కెనడాలో తీసిన ‘మై బ్లడీ వాలంటైన్’ అనే సినిమా ఉంది, 1981ది, నిజం గని లోపలే తీశారు. అమెరికా సెన్సారు దానిలో దాదాపు తొమ్మిది నిమిషాలు కోయించింది. కోసిన వాటిలో కొంత భాగం 2009లో గానీ జనానికి కనపడలేదు. కోసింది చూసినవాడి మార్కూ, కలిపింది చూసినవాడి మార్కూ ఒకటెలా అవుతాయి?

ఇక ‘ఏమీ జరగదు’ అన్నావు. నిజమే, మొదట్లో ఒక హత్య అయ్యాక తెర మీద ఇంకొకటి జరగడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ ముప్పావు గంటలో దర్శకుడు జాన్ కార్పెంటర్ చేసే పని ఒక్కటే, మనకి వీధి నేర్పుతాడు. ఏ ఇల్లు ఎక్కడుంది, ఎదురిల్లు ఎవరిది, తాళం ఎవరి దగ్గరుంది, మెట్లు ఎటు, వెనక గుమ్మం ఎటు. మన తాతగారి మండువా లోగిలి తలుచుకో. కరెంటు పోయినా నువ్వు వంటింట్లోంచి వీధి అరుగు దాకా తడుముకోకుండా వచ్చేదానివి. ఆ ఇంట్లో చీకట్లో కొత్త మనిషి ఉన్నాడంటే నీకు గుండె జారుతుంది, ఎందుకంటే వాడు ఏ స్తంభం వెనక నిలబడగలడో నీకు తెలుసు. తెలియని ఇంట్లో అయితే ఒట్టి కంగారు, అంతే. మంచి స్లాషర్ ముందు ఇంటిని నీ చేతికిచ్చి, తరవాత అందులోకి వాడిని పంపిస్తుంది. సగం సినిమా అయ్యాక ఆపకుండానే మనసులో అడుగు: ఇప్పుడు నేను ఆ పిల్లనైతే ఎటు పరిగెడతాను? జవాబు తడితే సినిమా పని చేస్తున్నట్టే. తట్టకపోతే, తెర మీద ఎన్ని కత్తులు తిరిగినా నేను ఐదు దాటి ఇవ్వను.

డబ్బు సంగతి కూడా తెలుసుకుని చూడు. 1978లో ‘హాలోవీన్’కి అయిన ఖర్చు 3 లక్షల డాలర్ల పైచిలుకు, హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. ఇరవై రోజుల్లో తీశారు. మాస్కు కొన్నది రెండు డాలర్ల లోపే, ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ సీరియల్లో కెప్టెన్ కర్క్ ముఖంలా చేసిన మాస్కుకి తెల్లరంగు కొట్టారు. కథ జరిగేది ఆకులు రాలే కాలంలో, తీసింది కాలిఫోర్నియా ఎండల్లో. అందుకని ఆకులకి రంగేసి రోడ్డు మీద జల్లి, షాటు అయ్యాక ఏరి సంచుల్లో పోసుకుని మళ్ళీ జల్లేవారు. సంగీతం కార్పెంటరే చేసుకున్నాడు. ఆ పియానోకి చెయ్యి తట్టి చూడు, ఐదు దెబ్బలొస్తాయి. త-క-త-కి-ట, మన ఖండ నడక. నాలుగుకి అలవాటు పడ్డ చెవికి ఆ ఐదో దెబ్బ దగ్గర కాలు తడబడినట్టుంటుంది, అందుకే ఆ బాణీ వింటే ఊపిరి సరిగా ఆడదు. పేదరికానికి జాలిపడి మార్కు కలపమని అనడం లేదు. చేతిలో ఉన్న కాస్తా ఎక్కడ పెట్టారో చూడమంటున్నాను. పెట్టాల్సిన చోట పెట్టినవాడికి పూర్తి మార్కులివ్వు.

రక్తం గురించి. నువ్వు ‘టెక్సాస్ చైన్ సా’కి ‘రక్తం తక్కువ’ అని మార్కు తగ్గించావు. 1974లో వచ్చింది అది, టోబీ హూపర్ తీశాడు. అంతకు ముందు ఎండాకాలంలో టెక్సాస్‌లో షూటింగు. మన రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో కిటికీలు మూసుకుని కూర్చోవడం ఊహించుకో, పక్కన కుళ్ళిన మాంసం, ఎముకలు. భోజనాల బల్ల సీను ఒక్కటే ఇరవై నాలుగ్గంటలు దాటి ఏకబిగిన తీశారు. ఆ బల్ల దగ్గర కట్టేసిన హీరోయిన్ ముఖం మీద చెమట మేకప్పు కాదు. ఇక ఇంకో పిల్లని మాంసం కొక్కేనికి తగిలించే సీను మళ్ళీ చూడు. ఇనుము ఒంట్లో దిగడం ఎక్కడా చూపించడు. కింద ఒక తొట్టె పెట్టి ఉంటుంది. ఆ తొట్టె దేనికో అర్థమయ్యాక మిగతాదంతా నీ బుర్రే తీసుకుంటుంది. చూశానని నువ్వు ప్రమాణం చేసేదాంట్లో సగం ఆ సినిమాలో లేదు.

చూపించేవాళ్ళనీ తక్కువ చెయ్యకు, అదీ ఒక విద్యే. 1980లో ‘ఫ్రైడే ది థర్టీన్త్’కి మేకప్ చేసిన టామ్ సవీనీ వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫరుగా పనిచేసి వచ్చినవాడు. మంచం మీద పడుకున్న కుర్రాడి గొంతులోంచి బాణం పైకొస్తుందే, ఆ కుర్రాడు తరవాత హాలీవుడ్‌లో పేరుపొందిన నటుడు కెవిన్ బేకన్. అతని తల ఒక్కటే నిజం. మనిషి మంచం కింద మోకాళ్ళ మీద ఉన్నాడు, మెడా ఛాతీ రబ్బరువి. రక్తం ఎక్కించే పంపు గొట్టం సరిగ్గా అప్పుడే ఊడింది. కింద ఉన్న అసిస్టెంటు గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. అందుకే ఆ రక్తం ధారగా కాకుండా బుడగలు బుడగలుగా వస్తుంది, అలా రావడమే నిజంలా ఉంది. ఆ కాలంలో రక్తమంటే ఎక్కువగా మొక్కజొన్న పాకం, అందులో రంగు. అరిసెల పాకం పట్టే ఇంట్లో పుట్టావు కాబట్టి నీకు చెప్పక్కర్లేదు, పాకం ముదిరితే కారదు, లేతదైతే నీళ్ళలా పోతుంది. మనిషి రక్తంలా జారాలంటే ఆ మధ్య ఎక్కడో ఆపాలి. ఎక్కడ కుదిరిందో నువ్వే కనిపెట్టగలవు.

సంవత్సరం చూడకుండా ‘అరిగిపోయిన కథ’ అని ఎప్పుడూ రాయకు. నువ్వు ‘ఫ్రైడే’ రెండో భాగంలో మెచ్చుకున్న రెండు హత్యలు పదేళ్ళ ముందే, 1971లో, ఇటలీవాడు మారియో బావా తీసిన సినిమాలో ఉన్నాయి. ఇటలీలో ఆ రకాన్ని జాలో అంటారు, అంటే పసుపు. అక్కడి డిటెక్టివ్ నవలలకి పసుపు అట్టలుండేవి, దాంతో ఆ పేరు. మా కాలంలో అద్దెకి తెచ్చుకున్న డిటెక్టివ్ పుస్తకాల లాంటివే అవీ. ముందు తీసినవాడికి ఒక మార్కు ఎక్కువుండాలి. ‘ఫ్రైడే’ వరస 1989 నాటికి ఎనిమిది వచ్చాయి. అన్నీ ఒకే గాటన కట్టకు. హంతకుడికి గుర్తుగా నిలిచిపోయిన హాకీ మాస్కు కూడా మూడోదాంట్లో గానీ రాలేదు.

ఆడపిల్లల విషయం దాటెయ్యలేను. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది నువ్వు కోపంగా రాసిన ఆ పేరా. ‘బట్టలు విప్పిన పిల్లని చంపేస్తారు, బుద్ధిగా ఉన్న పిల్ల మిగులుతుంది’ అన్నావు. ఆ కోపం వదులుకోకు. షాపులో కూర్చున్నప్పుడు నాకూ అదే మంట, కొన్ని టేపులు సగంలో తీసేశాను కూడా. అయితే అలా మిగిలిన పిల్లని గట్టిగా చూడు. 1987లో కారొల్ క్లోవర్ అనే ప్రొఫెసరు ఆ పిల్లకి ‘ఫైనల్ గర్ల్’ అని పేరు పెట్టింది. మొదట్లో హంతకుడి కళ్ళతో చూపించిన కెమెరా, చివరికొచ్చేసరికి ఆ పిల్ల కళ్ళలోకి వచ్చేస్తుందని ఆవిడ గమనించింది. చూసే మగపిల్లలు కూడా ఆఖరికి ఆమె గెలవాలనే కోరుకుంటారని చెప్పింది. మా షాపుకి వచ్చిన కుర్రాళ్ళు టేపు తిరిగిస్తూ చెప్పిన కథంతా ఆ పిల్ల ఎలా తప్పించుకుందనే. ఆవిడ రాసింది చదివినప్పుడు వాళ్ళే గుర్తొచ్చారు. చచ్చిపోయే పిల్లకి ఒక పేరు, ఒక స్నేహితురాలు, ఒక ఇష్టం ఇచ్చిందా సినిమా, లేక చావడానికే పిలిచిందా? దీనికి నేను పదిలో రెండు మార్కులు విడిగా ఉంచుతాను. 1982లో వచ్చిన ‘స్లంబర్ పార్టీ మాసకర్’ పేరు చూసి పారిపోకు. తీసింది ఆడమనిషి, ఎమీ హోల్డెన్ జోన్స్. రాసిందీ ఆడమనిషే, రీటా మే బ్రౌన్. తేడా తెలుస్తుంది.

మనవాటిని ఆ కొలతతో కొలవకు. హిందీలో హారర్ సినిమాలు తీసిన రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ దెయ్యం కథ, దాన్ని స్లాషర్ల పక్కన పెడితే రెండిటికీ అన్యాయమే. వేరే పేజీ పెట్టుకో. తెలుగులో ఈ దారికి దగ్గరగా వచ్చింది వంశీ ‘అన్వేషణ’, 1985. మన గోదావరి పిల్లాడు అడవిని పట్టుకుని మనల్ని అంత భయపెట్టాడు. తమిళంనుంచి వచ్చిన ‘ఎర్ర గులాబీలు’ కూడా చూడు, అందులో హంతకుడే హీరో, దానికి వేరే లెక్క కావాలి.

మార్కు ఎప్పుడు వెయ్యాలంటే, రాత్రి వెయ్యకు. రాత్రి ఎక్కడెక్కడ భయపడ్డావో మాత్రం రాసి పడుకో, నిజం రాయి, ఎవరూ చూడరు. పొద్దున కాఫీ తాగాక అది చదివి మార్కు వెయ్యి. నీళ్ళగదికి వెళ్తూ దారిలో లైటు వేసుకున్నావా, అది కూడా రాయి. నలుగురితో కూర్చుని నవ్వుకుంటూ చూసినదానికి మార్కు వెయ్యడం మానెయ్యి. నవ్వు ఒకళ్ళనుంచి ఒకళ్ళకి అంటుకుంటుంది, ఆ గోలలో సినిమా వినపడదు. మైకు నీడ పడిందనో, రబ్బరు మెడ కనపడిందనో ఒక్క మార్కు తియ్యి, చాలు. ఆ రబ్బరు మెడ వెనక ఇరవైమంది నిద్ర మానుకుని పనిచేశారు.

‘హాలోవీన్’ మళ్ళీ చూసి, కొత్త మార్కు రాసి పంపు. పాత రెండు చెరపకు, దాని మీద గీత కొట్టి పక్కన రాయి, నా పుస్తకంలో నాలుగు కూడా అలాగే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ రాత్రి అందరూ పడుకున్నాక మనిద్దరం ‘బ్లాక్ క్రిస్మస్’ చూద్దాం. 1974ది, పేరు చూసి కొత్తది పెట్టేవు. అప్పటిదాకా దాని గురించి ఒక్క ముక్క చదవకు. అందులో టెలిఫోను మోగుతుంది, అంతవరకే చెప్తాను.

మీ అత్త