ఇంట్లో పుట్టిన తాబేలు గుట్టకు పనికొస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు తాబేళ్ల గురించే. వానలు పడ్డాక మన పక్క చేలల్లో అవి కనబడే కాలం కూడా ఇదే కాబట్టి, మూడింటికీ ఒకచోటే జవాబు రాస్తున్నా.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడేళ్ల కిందట మా నాయన శెనక్కాయ చేను దున్నుతుంటే గట్టు పక్కన ఒక నక్షత్ర తాబేలు దొరికింది. పోయినేడు వంకలో ఇంకోటి కనబడితే మా తమ్ముడు తెచ్చాడు. రెండూ పెరట్లో ఉన్నాయి, అన్నం, టమోటా తింటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, జంటే అనుకుంటున్నాం. గుడ్లు పెడితే పిల్లల్ని పెంచి మా ఊరి గుట్టలో వదలాలని నా ఆశ, ఎందుకంటే ఇప్పుడు గుట్టలో తాబేళ్లు కనబడటమే లేదు. ఇది మంచి పనే కదా మేడమ్? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఆశ మంచిదే తల్లీ, కానీ సూటిగా చెప్తున్నా, వద్దు. ఆ రెండింటినీ ఈ వారంలోనే దగ్గర్లోని అటవీ శాఖ ఆఫీసులో అప్పజెప్పండి. నక్షత్ర తాబేలును 2022 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి, అంటే పులి ఉన్న జాబితాలోకే తెచ్చారు. ఇంట్లో ఉంచుకోవడం నేరం, ప్రేమగా చూసుకుంటున్నాం అన్నా ఒప్పుకోరు. నాయనకు టెన్షన్ పెట్టాలని రాయడం లేదు, మనంతట మనం వెళ్లి ఇవ్వడం వేరు, ఎవరో చెప్తే అటవీ శాఖ వాళ్లు ఇంటికి రావడం వేరు, అందుకే తొందర పెడుతున్నా.

చట్టం సంగతి అలా ఉంచి, అసలు విషయానికి వస్తా. మా జేజి వాళ్లది ధర్మవరం పక్కన పల్లె. చిన్నప్పుడు ఒకసారి వాన వెలిసిన సాయంత్రం, గట్టు మీద కూచుని ఒక తాబేలు గుడ్లు పెట్టడం మొత్తం చూశాను. ముందు అది మూత్రంతో మట్టి తడిపి మెత్తగా చేసుకుంది. తర్వాత వెనక కాళ్లతో, ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు, పిడికెడు పిడికెడు మట్టి ఎత్తి పక్కన పెడుతూ గుంత తీసింది. తల ఒక్కసారైనా వెనక్కి తిప్పలేదు, అంతా కాళ్ల ఒడుపే. నాలుగు గుడ్లు పెట్టి, ఒక్కోదాన్ని కాలితో సర్ది, మట్టి కప్పి, అడుగు చిప్పతో దిమ్మిస కొట్టినట్టు కొట్టి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున నేనే ఆ చోటు గుర్తు పట్టలేకపోయాను.

గుడ్లు పెట్టే ఈడుకు రావడానికే ఆడతాబేలుకు ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పెడుతూనే ఉంటుంది, కానీ పెట్టేది కొన్నే, వాటిలో సగం ఏ ఉడుమో ముంగిసో తినేస్తుంది, బయటికొచ్చిన పిల్ల నిమ్మకాయంత ఉంటుంది, కాకి కంట పడితే అంతే. ఇన్ని పోయినా జాతి నిలబడుతోందంటే, పెద్దదైన ఆడతాబేలు చాలాకాలం బతికి ఉండటం వల్లే. మీ పెరట్లో ఉన్న పెద్దది ఆడదే అయితే, ఈ మూడేళ్లలో అది గుట్టలో పెట్టాల్సిన గుడ్లన్నీ పోయినట్టే కదా. నీ తప్పని కాదు, ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఇలాగే ఒకటి ఇంటికి తెచ్చుకుంటే గుట్టలో ఏం మిగులుతాయో నువ్వే లెక్క వేసుకో. ఇక దొంగ వ్యాపారం చూస్తే గుండె తరుక్కుపోతుంది: 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, మన దేశంలో ఒక్క ప్రాంతం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుపోతున్నారని తేలింది. 2019లో వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు, అయినా స్మగ్లింగ్ ఆగలేదు.

పెరట్లో పుట్టించినా చిక్కులున్నాయి. గుడ్డు ఉన్న మట్టి వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, నీడలో పెట్టావా ఎండలో పెట్టావా అన్నదాన్ని బట్టి అన్నీ ఒకటే రకం పుట్టొచ్చు. ఇంట్లో ఉన్న తాబేలుకు ముక్కు కారే జబ్బు వస్తే, అది వదిలిన చోట ఉన్నవాటికీ అంటుకుంటుంది. కాబట్టి ఇన్నేళ్లు ఇంట్లో ఉన్నవాటిని కూడా మీరే తీసుకెళ్లి గుట్టలో వదిలేయకండి. అప్పజెప్పేదాకా అన్నం మానేసి గరిక, ఆకులు వేయండి, అది గడ్డి తినే జీవి. మళ్లీ చేలో కనబడితే నాగలికి అడ్డం లేకుండా పక్కన పొద దగ్గర దించి వదిలేయమని నాయనకు చెప్పు, ఇంటికి మాత్రం తేవద్దు.

ప్రశ్న: ఏదో జూలో తాబేలు పిల్లలు పుట్టాయని పేపర్లో ఫొటోలు వేస్తుంటారు. అలా పుట్టించి వదిలి ఒక జాతిని నిలబెట్టడం నిజంగా ఎక్కడైనా జరిగిందా? – టీచర్, బద్వేలు, కడప జిల్లా

జవాబు: జరిగింది సార్. పసిఫిక్ సముద్రంలోని గలాపగోస్ దీవుల్లో ఎస్పనోలా అనే చిన్న దీవి ఉంది. 1960లు, 70ల నాటికి అక్కడి పెద్ద తాబేళ్లలో మిగిలింది 14, అందులో ఆడవి 12, మగవి రెండే. వాటిని వేరే దీవిలోని పెంపక కేంద్రానికి చేర్చారు, అమెరికాలోని శాన్ డియాగో జూలో అదే జాతి మగది ఇంకొకటి ఉంటే తెచ్చి కలిపారు. వాటి సంతతిని వదులుతూ పోతే 2020 నాటికి ఆ దీవి మీద సుమారు 2,000 అయ్యాయి, ఆ ముసలి పదిహేనింటినీ 2020 జూన్‌లో సొంత దీవికి చేర్చేశారు. అయితే అక్కడ మేకల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. ఎప్పుడో ఓడల వాళ్లు వదిలిన మేకలు దీవి మీద పచ్చదనమంతా మేసేశాయి. 1978 నాటికి ఆ మేకలన్నింటినీ తీసేశారు. అవి ఉండగా ఎన్ని పిల్లల్ని వదిలినా నిలిచేవి కావు. మన నక్షత్ర తాబేలుకు దగ్గరి చుట్టం బర్మా నక్షత్ర తాబేలుది కూడా ఇలాంటి కథే: అడవిలో దాదాపు అయిపోయాక, 2004లో ఎక్కువగా స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 175 తాబేళ్లతో మొదలుపెట్టి, కాపలా ఉన్న అభయారణ్యాల్లోనే పెంచి వేల సంఖ్యకు తెచ్చారు.

పిల్లలు పుడితే సరిపోదని 1987లో అమెరికాలో సముద్ర తాబేళ్ల మీద వేసిన ఒక లెక్క చూపించింది. ఒడ్డున గుడ్లన్నీ కాపాడినా, పెద్దవి వలల్లో పడి చస్తుంటే సంఖ్య తగ్గుతూనే పోతుందట. రొయ్యల వలల్లో తాబేలు బయటపడే దారి పెట్టాలన్న వాదనకు బలమిచ్చింది ఈ లెక్కే. అందుకే పేపర్లో ఫొటో చూసినప్పుడల్లా నాకు వచ్చే మొదటి అనుమానం, వీటిని ఎక్కడ వదులుతారు, అక్కడ ముందున్నవి ఎందుకు పోయాయి, ఆ కారణం ఇప్పుడు పోయిందా అనేదే.

మీ బద్వేలు పక్కనే లంకమల అభయారణ్యం ఉంది. కలివికోడి అనే అరుదైన పక్షి ఇక లేదనుకున్నాక 1986లో మళ్లీ కనబడింది మీ జిల్లాలోనే. దానికి కావలసింది పెద్ద అడవి కాదు, మధ్యమధ్య ఖాళీ నేల ఉండే ముళ్లకంప. నక్షత్ర తాబేలుకూ అలాంటి నేలే కావాలి. మనం దాన్ని పనికిరాని బీడు అంటాం, జేసీబీ పెట్టి చదును చేస్తాం, పొదలకు నిప్పు పెడతాం. పిల్లలకు చెప్పాలనుకుంటే జూ ఫొటో చూపించకుండా ఒక ఆదివారం వాళ్లను ఆ కంప దగ్గరికి తీసుకెళ్లండి సార్, అక్కడ ఏమేం బతుకుతున్నాయో వాళ్లే రాసుకొస్తారు.

ప్రశ్న: మా పాప కోసం అక్వేరియం షాపులో చెవి దగ్గర ఎర్ర చార ఉన్న చిన్న తాబేలు కొన్నాం. ఇప్పుడు అరచేతి కన్నా పెద్దదైంది, తొట్టి చాలడం లేదు. తుంగభద్రలో వదిలేస్తే హాయిగా బతుకుతుంది కదా? – గృహిణి, కర్నూలు

జవాబు: బతుకుతుందమ్మా, భయం కూడా అదే. అది అమెరికా నీళ్ల తాబేలు, దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, దొరికిందల్లా తింటుంది, ఎండ కాచుకునే రాళ్ల మీద నుంచి మన తాబేళ్లను నెట్టేస్తుంది. ప్రపంచంలో ఎక్కువ నష్టం చేసిన వంద పరాయి జీవుల జాబితాలో దాని పేరుంది. తుంగభద్రలో వద్దు, హంద్రీలో వద్దు, కేసీ కాలువలోనూ వద్దు. అమ్మిన షాపు వాళ్లనే తిరిగి తీసుకోమని అడగండి, ఒప్పుకోకపోతే పశువుల డాక్టరుతోనో జూ వాళ్లతోనో మాట్లాడండి, అప్పటిదాకా పెద్ద తొట్టిలో, ఎక్కి కూచోడానికి ఒక రాయి పెట్టి ఉంచండి. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది, పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, కాబట్టి పాప ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, తొట్టి నీళ్లు వంటింటి సింకులో పారబోయకండి.