అరగ్లాసు నీళ్లు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. అరకు టూరుకి ఎస్కార్టుగా వచ్చినవాడు తాను కురుసుర సబ్‌మెరైన్‌లో పనిచేశానని బస్సులో చెప్పగానే టీచరమ్మకి అనుమానం వచ్చేసింది. ఎందుకంటే వాడి చొక్కా మాసి ఉంది, నోట్లో కిళ్లీ ఉంది. అంతేనా? అనుమానానికి వాలకం చాలదమ్మా. వాడు చెప్పుకున్న పనిలోనే ఎక్కడో ముల్లు గుచ్చుకోవాలి.

ఆ ముళ్లు నీ కథలోనే ఉన్నాయి, నువ్వే చూడలేదు. వాడు 2004లో కురుసురలో తిరిగానంటాడు. 1969లో నేవీలో చేరిన ఆ సబ్‌మెరైన్‌ని 2001 ఫిబ్రవరిలోనే సర్వీసు నుంచి తప్పించారు. 2002 ఆగస్టుకల్లా అది ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయిపోయింది. వాడు చెప్పిన ఏడాదికి మనమంతా టికెట్టు కొనుక్కుని లోపల తిరుగుతున్నాం. ట్రైనింగేమో కొచ్చిలో అంటాడు. సబ్‌మెరైన్ వాళ్లకి ట్రైనింగిచ్చే ఐఎన్ఎస్ శాతవాహన మన ఊళ్లోనే ఉంది కదా! ముప్పై ఏళ్లు విశాఖలో పాఠాలు చెప్పిన మనిషి, నేవీ వాళ్ల పిల్లల్ని చదివించిన మనిషి, ఈ రెండూ విని కిటికీలోంచి కాఫీ తోటలు చూస్తూ కూర్చుంటుందా? ఇవి వాడి అబద్ధాలో, నీ పొరపాట్లో నాకు తేలలేదు. అలా తేలనప్పుడు చదివేవాడు ఎస్కార్టుని వదిలేసి నిన్ను అనుమానిస్తాడు.

రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. హోటల్లో కుళాయి ధారగా వస్తున్నా వాడు అరగ్లాసు నీళ్లు పట్టుకుని, టక్కున కట్టేసి, వాటితోనే గడ్డం గీసుకుంటాడు. సబ్‌మెరైన్‌లో మంచినీళ్లు కొలిచి వాడుకుంటారు. ఏడాదీ, ఊరూ తప్పు చెప్పినవాడికి ఈ అలవాటు ఎక్కడిది? నీ కథంతా అక్కడుంది. నువ్వేమో దాన్ని ఒక్క ముక్కలో దాటేసి, వాడి గుట్టు విప్పే మేనల్లుడి ఫోన్‌కి పరిగెత్తావు.

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు ఒకావిడ పనికి వచ్చింది. నర్సింగ్ నేర్చుకున్నానంది, పెద్దాసుపత్రిలో చేశానంది. చేతిలో ఒక్క కాగితం లేదు. నేను నమ్మలేదు. మొదటి రాత్రి నిద్ర నటిస్తూ చూశాను. అమ్మని మెల్లగా ఒక పక్కకి ఒత్తిగిల్లించి, తడిసిన దుప్పటి సగం వీపు దాకా చుట్టి, కొత్తది పరిచి, ఇటు తిప్పి రెండోవైపు లాగేసింది. అమ్మ మూలగను కూడా లేదు. తర్వాత టార్చి వేసి మడమలు ఎర్రబడ్డాయేమో చూసింది. మళ్లీ నేను కాగితం మాటెత్తలేదు.

అది కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు ఆ దుప్పటి లైన్లన్నీ కొట్టేశాడు, నడక తగ్గిందని. చివర్లో ఆవిడ గొలుసు ఎత్తుకుపోయినట్టు కొసమెరుపు తగిలించి నా పేరుతోనే వేశాడు. ఆవిడకి చదువొచ్చు. ఆ సంచిక ఆవిడ కంట పడిందేమోనని ఇప్పటికీ గుండెల్లో కలుక్కుమంటుంది. అందుకే కొసమెరుపు అంటే నాకు పడదు. నీ కథలో ఫోన్ కాల్‌ అదే. వాడు క్యాంటీన్ కుర్రాడని తేల్చేసి చేతులు దులుపుకున్నావు.

ఆ ఫోన్ తీసెయ్. ఏళ్ల లెక్క టీచరమ్మ చేతే అడిగించు, వాడు తడబడనీ. మర్నాడు పొద్దున్న ఆవిడని కుళాయి దగ్గరికి పంపు. వాడు గడ్డం గీసుకోవడం అయ్యేదాకా అక్కడే నిలబడనీ. తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో.