టెక్ సందేహాలు: పాత రేడియోకు గట్టి పెట్టె ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా తాతగారి మర్ఫీ వాల్వ్ రేడియో (గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసే పాత సెట్) మా ఇంట్లో ఉంది. చెక్క క్యాబినెట్. వెడల్పు 55, ఎత్తు 35, లోతు 25 సెంటీమీటర్లు. బరువు 12 కిలోలు. పుణెలో ఉంటున్న మా అన్నయ్య బాగు చేయించుకుంటాను, పంపమంటున్నాడు. కొరియర్ ఆఫీసులో అడిగితే పెట్టె మీరే తెచ్చుకోవాలన్నారు. కిరాణా షాపులో ఇచ్చే అట్టపెట్టెలు దీన్ని మోసేలా లేవు. ఎలాంటి పెట్టె కావాలి? వరంగల్‌లో ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

పెట్టె కోసం బయల్దేరే ముందు రేడియో వెనక మూత ఒకసారి విప్పి చూడండి. ఇలాంటి సెట్లలో బరువంతా పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ది, అది కూర్చున్న ఇనుప ఛాసిస్‌ది, అంటే భాగాలన్నీ బిగించి ఉండే చట్రానిది. ఛాసిస్‌ను సాధారణంగా క్యాబినెట్ అడుగు నుంచి బోల్టులు పట్టి ఉంచుతాయి. మధ్యలో రబ్బరు వాషర్లుంటాయి. ఇన్నేళ్లకు ఆ రబ్బరు ఎండి పొడిపొడి అయిపోయి ఉంటుంది. లారీ ఒక గుంతలో దిగితే చాలు, బయట పెట్టె నలగకుండానే లోపల ఛాసిస్ ఊగి డయల్ అద్దానికి కొట్టుకుంటుంది. పార్సిల్ విప్పే దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎంత గట్టి డబ్బా కొన్నా దీన్ని ఆపలేదు. అందుకే నా సలహాలో సగం పెట్టె గురించి కాదు.

ప్లగ్గు తీసేసి ఉందని చూసుకుని బోల్టులు బిగించండి, మరీ బలంగా తిప్పితే పాత చెక్క చీలుతుంది. ఛాసిస్‌కూ క్యాబినెట్‌కూ మధ్య ఖాళీల్లో ఫోమ్ ముక్కలు దూర్చండి. స్పీకర్ కాగితానికి మాత్రం ఏదీ తగలకూడదు. వాల్వులను తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసి, ఏది ఏ సాకెట్‌లో ఉందో కాగితం మీద రాసుకోండి. వాల్వును గాజు పట్టుకుని లాగొద్దు, కింది బేస్ పట్టుకుని కొద్దికొద్దిగా కదుపుతూ నిటారుగా పైకి తీయాలి. గాజు మీది నంబరు తడి గుడ్డకే చెరిగిపోతుంది, తుడవకండి. నంబరు పోతే అన్నయ్యకు కొత్త వాల్వు వెతకడం పెద్ద టెన్షన్. వాల్వులను ఒక్కొక్కటిగా చుట్టి చిన్న డబ్బాలో పెట్టి వేరే పార్సిల్‌గా పంపితే మంచిది. నాబ్‌లు కూడా వేరే కవర్లో వేయండి.

ఇక పెట్టె. అట్టపెట్టెలను 3 ప్లై, 5 ప్లై, 7 ప్లై అని అమ్ముతారు. 3 ప్లై అంటే రెండు చదును కాగితాల మధ్య ఒక వరస ముడతల కాగితం. 5 ప్లైలో ఆ ముడతల వరసలు రెండు, 7 ప్లైలో మూడు. మీ 12 కిలోలకు మంచి 5 ప్లై చాలు. 7 ప్లైకి పెట్టే డబ్బుతో రెండో పెట్టె కొనండి. ఒక పెట్టెలో రేడియో, ఆ పెట్టె ఇంకో పెట్టెలో, రెంటి మధ్య అన్ని వైపులా 6 సెంటీమీటర్ల ఫోమ్. కింద పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ ఫోమే.

ఎనుమాముల మార్కెట్ చుట్టూ తిరగకండి, అక్కడ గోనె సంచుల రాజ్యం. మీకు పనికొచ్చేది ఏసీ బిగించే మెకానిక్. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వచ్చే పెట్టె మీ రేడియోకు రెండింతల బరువు మోయడానికే తయారైంది. బిగింపు అయ్యాక చాలామంది ఆ పెట్టెను పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేస్తారు, ముందే చెప్పి పెడితే మీకు దక్కుతుంది. అయితే వాటి లోతు తక్కువ, టేపు తీసుకెళ్లి కొలవండి. లోపలి పెట్టెకు మైక్రోవేవ్ ఓవెన్ డబ్బా చూడొచ్చు. టీవీ డబ్బాలు వద్దు, సన్నగా ఉంటాయి. ఇవేవీ కుదరకపోతే ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లు విడిగా పెట్టెలు అమ్ముతారేమో అడగండి. పాత పెట్టె తీసుకుంటే మూలలు నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే అది ఎక్కడో తడిసింది, వదిలేయండి. పెట్టె మీది పాత బార్‌కోడ్‌లు చింపేయాలి, లేకుంటే స్కానర్ పాత చిరునామానే చదివే ప్రమాదం ఉంది.

చుట్టేటప్పుడు పాలిష్ మీద నేరుగా బబుల్ ర్యాప్ వేయకండి, వేడికి బుడగల అచ్చులు పడతాయి. ముందు పాత నూలు చీర, దానిపైన బబుల్ ర్యాప్. థర్మకోల్ గుండ్లు, నలిపిన న్యూస్‌పేపర్లు బరువైన వస్తువుకు పనికిరావు. దారిలో అవి పక్కకు జరిగి రేడియో అడుగుకు దిగుతుంది. అన్నీ అయ్యాక పెట్టెను ఊపి చూడండి, ఏ చప్పుడూ రాకూడదు. ‘ఫ్రాజైల్’ స్టిక్కర్ కావాలంటే అంటించుకోండి, నాకైతే దాని మీద పెద్ద నమ్మకం లేదు.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి, లేకపోతే కౌంటర్ దగ్గర గుండె ఆగుతుంది. చాలా కొరియర్లు తూకం బరువు, సైజు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువగా కనిపించే లెక్క. రేడియో చుట్టిన చుట్టు, రెండు పెట్టెల మధ్య ఫోమ్ కలిపితే మీ బయటి పెట్టె సుమారు 73, 53, 43 అవుతుంది. లెక్క వేస్తే 33 కిలోలు! 12 కిలోల రేడియోకు 33 కిలోల చార్జీ. రోడ్డు మీద వెళ్లే సర్ఫేస్ సర్వీసుకు, విమానంలో వెళ్లే దానికి రేటు వేరు, రెండూ అడగండి. కాజీపేటలో రైల్వే పార్సిల్ చార్జీ కూడా కనుక్కుని పోల్చండి. డబ్బు మిగుల్చుకోవడానికి ఫోమ్ తగ్గించడం మాత్రం వద్దు. ఇన్సూరెన్స్ ఇస్తామంటే పాత వస్తువులకు, గాజుకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌కు ఇలాంటి రేడియోనే ఆర్టీసీ కార్గోలో పంపొచ్చా?
– కరీంనగర్ నుంచి ఒకరు

పంపొచ్చు. ఆర్టీసీ కార్గో 2020లో మొదలైంది, మన జిల్లాల నుంచి హైదరాబాద్‌కు బస్సులు ఎక్కువ కాబట్టి దీనికి నా ఓటు. నేరుగా వెళ్లే బస్సులోనే వేస్తారా, మధ్యలో మారుస్తారా అని అడగండి. ఎన్నిసార్లు చేతులు మారితే అన్నిసార్లు కింద పడే అవకాశం. అవతల మనిషి అదే రోజు వచ్చి తీసుకునేలా చూసుకోండి. ఒక్క పెట్టెతో సరిపెట్టాలనుకుంటే 5 ప్లై కంటే తగ్గొద్దు.

ప్రశ్న: పార్సిల్‌లో వచ్చిన పాత వాల్వ్ రేడియో బయటికి చెక్కుచెదరలేదు. ప్లగ్గు పెట్టి చూడనా?
– జగిత్యాల పాఠకుడు

ఇప్పుడే వద్దు. ముందు మూత విప్పి దూర్చిన ఫోమ్ అంతా తీయండి, వాల్వులు సాకెట్లలో సరిగ్గా కూర్చున్నాయో చూడండి. ఏళ్ల తరబడి వాడని సెట్లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును నిల్వ చేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) పాడై ఉండొచ్చు. నేరుగా కరెంటు ఇస్తే అవి పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలొచ్చు. రేడియో మెకానిక్ సిరీస్ బల్బు పెట్టి, అంటే రేడియోకు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపి, ఆన్ చేస్తాడు. బల్బు తళుక్కున వెలిగి కాస్త తగ్గితే సరే, పూర్తి వెలుగుతోనే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి. ఛాసిస్‌లో వందల వోల్టులు ఉంటాయి, పని తెలియకుండా మీరే చేయి పెట్టకండి. ప్యాకింగ్ సామాను కూడా అప్పుడే పారేయొద్దు, రిపేరుకు మళ్లీ ఎక్కడికైనా పంపాల్సి రావచ్చు.