కారు ఏసీ ఆన్ చేస్తే లోపల మ్యాట్ తడుస్తోందా? ముందు కారు కింద నేల చూడండి

ఏసీ వేస్తే ఎడమవైపు మ్యాట్ తడిసిపోతోందని, గాజువాకలో మెకానిక్‌కి చూపిస్తే "గ్యాస్ లీకండీ, డ్యాష్‌బోర్డు దించి కూలింగ్ కాయిల్ మార్చాలి" అన్నారని రాశారు. ఆ పనికి ఒప్పుకునే ముందు ఓ అరగంట మీరే చూసుకోండి. లీకైన గ్యాస్ నీళ్లలా కారదు. చాలా కార్లలో వాడే ఆర్134ఏ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. బయటికొచ్చిందంటే గాలిలో కలిసిపోవడమే, మహా అయితే పైపు జాయింట్ దగ్గర ఆయిల్ జిడ్డు కనిపిస్తుంది. మ్యాట్ మీద నీళ్లు నిలిచాయంటే అవి ఏసీ నీళ్లయినా అయ్యుండాలి, వాన నీళ్లయినా, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటైనా అయ్యుండాలి.

మా కారుకీ ఇదే వచ్చింది. ఎంవీపీ కాలనీలో తురాయి చెట్టు కింద పెట్టేవాళ్లం. మే నెలలో బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్తుంటే, మలుపు తిరిగినప్పుడల్లా గ్లోవ్ బాక్స్ వెనకాల గలగలమని చప్పుడు. ఇంకాసేపటికి ముందు సీట్లో ఉన్న అమ్మ పాదాల మీద చల్లటి నీళ్లు పడ్డాయి. దిగి చూస్తే కారు కింద నేల పొడిగా ఉంది. అసలు సంగతి అక్కడే తెలిసిపోయింది. వేసవిలో, మన విశాఖ ఉక్కలో, అంతసేపు ఏసీ వేసిన కారు కింద మడుగు కట్టాలి. చాలామంది ఆ మడుగు చూసి టెన్షన్ పడతారు గానీ, టెన్షన్ పడాల్సింది అది లేనప్పుడు.

డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్ సున్నాకి కాస్త పైన చల్లబడుతుంది. సముద్రం గాలిలోని తేమంతా దాని మీద నీరై, కింది ట్రేలోకి జారి, ఒక సన్నటి రబ్బరు గొట్టం ద్వారా బయటికి పోతుంది. ఆ గొట్టం మూసుకుపోతే ట్రే నిండి లోపలికి పొర్లుతుంది.

కాబట్టి ఇలా చేయండి. కారుని ఆరుబయట, పొడి నేల మీద ఆపి, ఏసీ ఫుల్‌లో పెట్టి ఇరవై నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ముందు చక్రాల వెనక ప్రాంతంలో, ఎక్కువ కార్లకి ఎడమ పక్కన, చుక్కలు పడాలి. పడకుండా మ్యాట్ మాత్రం తడిస్తే గొట్టం పూడుకుపోయిందనే లెక్క. కింద బాగానే పడుతూ మ్యాట్ కూడా తడిస్తే, ఆ నీళ్లలో టిష్యూ కాగితం ముంచి చూడండి. ఏసీ నీళ్లకి రంగు ఉండదు, జిడ్డు ఉండదు. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, వేళ్లకి జారుడుగా, తియ్యటి వాసన వస్తే అది కూలెంటు. కారులోకి వేడిగాలి ఇవ్వడానికి కూలెంటు తిరిగే హీటర్ కాయిల్ కారుతోందన్నమాట. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు మంచులా పడుతుంది, బానెట్ కింద కూలెంట్ ట్యాంకులో లెవెల్ కూడా తగ్గుతుంది. అలా ఉంటే మాత్రం బండి తిప్పకండి, ఇంజిన్‌కే ప్రమాదం.

వాన నీళ్ల సంగతి తేల్చడం ఇంకా తేలిక. ఏసీ ఆపేసి, ముందు అద్దం మీద మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. లోపల తడిస్తే వైపర్ల కింది జాలీలో ఆకులు పేరుకున్నాయేమో చూడండి. తురాయి ఆకులు మరీ చిన్నవి, ఏ సందులోనైనా దూరిపోతాయి.

మా కారుని ర్యాంపు మీదికెక్కించి, గొట్టం చివర్లోంచి మెత్తటి ప్లాస్టిక్ వైరు మెల్లగా పైకి పోనిస్తే నల్లటి బురద ఊడిపడింది, వెనకే నీళ్లు ధారగా వచ్చేశాయి. స్క్రూడ్రైవరూ ఇనుప తీగా వాడనివ్వకండి, కాయిల్ రేకులు పల్చటి అల్యూమినియంవి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టించడం కూడా నాకు నచ్చదు. లోపల గొట్టం ఊడిపోతే అప్పుడు నిజంగానే డ్యాష్‌బోర్డు దించాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి దూరకండి.

గొట్టం శుభ్రంగా ఉన్నా నీళ్లొస్తున్నాయా? ఈమధ్య డ్యాష్‌బోర్డు పని జరిగి ఉంటే గొట్టం సరిగా తొడగలేదేమో అడగండి. ఇంకో రకం కూడా ఉంది: ఏసీ వేసిన కాసేపటికి గాలి తగ్గిపోయి, ఆపాక ఒక్కసారిగా నీళ్లు రావడం. అది కాయిల్ మీద ఐస్ కట్టడం. గ్యాస్ తగ్గినా, కాయిల్ చల్లదనం చూసే సెన్సర్ పాడైనా, లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా అలా అవుతుంది. మీ మెకానిక్ మాటలో నిజం ఉంటే ఇక్కడే ఉండాలి. అప్పుడైనా ముందు ఫిల్టర్ చూసి, గ్యాస్ ప్రెషర్ గేజ్ పెట్టి చూపించమనండి, కాయిల్ మాట తర్వాత.

కార్పెట్ కింది స్పాంజ్ ఆరబెట్టడం మర్చిపోకండి. ఈ ఊరి తేమకి అది దానంతటది ఆరదు, కంపు కొడుతుంది, కొన్ని కార్లలో వైరింగ్ కూడా దాని కిందే ఉంటుంది. కార్పెట్ పైకి లేపి, తువ్వాలుతో అద్ది, రాత్రంతా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. కారు కింద చుక్కలు పడ్డాయో లేదో, కూలెంట్ లెవెల్ ఎలా ఉందో ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.