చావు వాసనను ప్రదర్శనలో పెట్టడం కళేనా?

మరణాన్ని వాసనతో అనుభవింపజేసే ప్రదర్శనలు కళా, లేక జనాన్ని పోగుచేసే వింతా అని అడిగారు. రెండు రకాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో ఒక బృందం శవాగారపు సొరుగుల్లాంటి ఉక్కు అరల్లో సందర్శకులను పడుకోబెట్టి, కెనడీ, డయానా వంటివారి చివరి నిమిషాలను వాసనలతోనూ శబ్దాలతోనూ చూపింది. పరాయివారి చావును అలా రుచి చూడడం నాకు నచ్చదు.

నన్ను కదిలించింది 2023లో పురావస్తు శాస్త్రవేత్త బార్బరా హ్యూబర్ బృందం చేసిన పని. సుమారు 3,500 ఏళ్ల నాడు ఈజిప్టులో ఫారో రెండవ అమెన్‌హోటెప్‌కు పాలిచ్చిన దాది సెనెట్‌నే అవయవాలను భద్రపరచిన జాడీల నుంచి గీకిన లేపనంలో తేనెమైనం, నూనెలు, కొవ్వు, తారులాంటి బిటుమెన్, పైన్ జాతి చెట్ల జిగురు ఉన్నట్లు వారు తేల్చారు. అయితే పదార్థాల పట్టీ ఎంత కచ్చితంగా ఉన్నా దానికి వాసన రాదు. ఏది ముందు తగలాలో, ఏది చివర నిలవాలో తేల్చడం ముక్కు పని కనుక, పరిమళాల తయారీలో నిపుణురాలైన కరోల్ కల్వెజ్ ఆ వాసనను తిరిగి కూర్చారు. డెన్మార్క్‌లోని మూస్‌గార్డ్ మ్యూజియంలో దాన్ని సందర్శకులకు చూపించారు.

ఆ లేపనంలో బెంజోయిక్ ఆమ్లం కూడా కనిపించిందని చదివి నేను ఆగిపోయాను, ఎందుకంటే అది మన సాంబ్రాణిలోనూ ఉంటుంది.

నేను విశాఖలో చాలాకాలం రసాయనశాస్త్రం బోధించాను. చావు వాసన అనగానే పిల్లలు కెడావరిన్, పుట్రెసిన్ పేర్లు చెప్పేవారు. 1885లో జర్మన్ వైద్యుడు బ్రీగర్ శవాల నుంచి వేరుచేసిన పదార్థాలవి. మహారాణిపేటలోని మా ఇంట్లో నాన్నగారు పోయినప్పుడు మాత్రం ఆ రెండింటి జాడ లేదు. దూరదేశం నుంచి తమ్ముడు వచ్చేదాకా అద్దెకు తెచ్చిన ఐస్ బాక్సు, దాని చుట్టూ సాంబ్రాణి పొగ, బంతిపూలు, సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలి, వాటన్నిటినీ మించి గేటు ముందు పాడె కట్టడానికి నరికిన పచ్చి వెదురు వాసన. చావులమదుం దాటి జ్ఞానాపురం శ్మశానానికి చేరేవరకూ ఆ వెదురే నా ముక్కులో ఉంది. వాసన కబురు మెదడులో జ్ఞాపకాలకూ భయానికీ సంబంధించిన భాగాలకు దగ్గరి దారిన చేరుతుందని పాఠం చెప్పినవాడినే అయినా, దాన్ని నమ్మింది ఆ రోజే.

మా చెల్లెలు ఇప్పటికీ శుక్రవారం సాంబ్రాణి వేస్తే డాబా మీదికి వెళ్లిపోతుంది. విశాఖలో ఎవరైనా ఇలాంటి ప్రదర్శన పెడితే కుళ్లు వాసనను వదిలేసి, ముందు పచ్చి వెదురును పట్టమంటాను.