1960ల అమెరికా అమ్మాయిల పాటల గ్రూపు షాంగ్రి-లాస్ నాలుగైదేళ్లకే ఎందుకు విడిపోయింది?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వాళ్లను నిలబెట్టిన రికార్డు కంపెనీ మూతపడింది. ఆ తర్వాత ఒప్పందాల గొడవలు.

వీళ్లు న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతం పిల్లలు: అక్కాచెల్లెళ్లు బెట్టీ, మేరీ వైస్; కవలలు మార్జ్, మేరీ ఆన్ గాన్సర్. 1964లో రెడ్ బర్డ్ కంపెనీకి పాడిన 'లీడర్ ఆఫ్ ద ప్యాక్' అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయింది. పాటలో కథ ఇది: బైకు కుర్రాడితో ప్రేమ, వదిలేయమని నాన్న ఆర్డరు, వాన రాత్రి యాక్సిడెంట్. అచ్చం మన పాత సినిమా కథే! మధ్యలో మోటార్‌సైకిల్ రొద, టైర్ల కీచు, 'జాగ్రత్త' అంటూ అమ్మాయి కేకలు. ప్రధాన గాయని మేరీ వైస్‌కి అప్పుడు పదిహేనేళ్లే. ఆ గొంతులో ఏడుపు నటనలా అనిపించదు, నాకైతే.

1966లో రెడ్ బర్డ్ మూతపడింది. మెర్క్యురీ అనే మరో రికార్డు కంపెనీకి మారినా పెద్ద హిట్ రాలేదు. 1968లో గ్రూపు విడిపోయింది. కోర్టు చిక్కుల వల్ల చాలాకాలం రికార్డింగులకు దూరమైన మేరీ వేరే ఉద్యోగాలు చూసుకుంది. ఆమె సొంత ఆల్బమ్ వచ్చింది 2007లో!